ఆ పడవకి ఎంత అడగాలంటే

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బాగున్నావా అని కూడా అడగకుండా, "అన్నయ్యా, అది పడవ కొంటుందట, నువ్వైనా చెప్పు" అంది. ఏం చెప్పమంటావమ్మా అంటే, "వద్దని చెప్పు" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. భయం వేసిన మాట నిజం. దానికంటే ఎక్కువ సంతోషం వేసింది. ఏడేళ్ల పిల్లవి, నా పడవలో చుక్కాని కర్ర రెండు చేతులా పట్టుకుని, చేతులు ఎర్రబడిపోతున్నా "నేను వదలను మామయ్యా" అని కూర్చున్నావు. అలాంటిదానికి వద్దని ఏ నోటితో చెప్పను?

నువ్వు పంపిన ఫొటోలు, ప్రకటన చూశాను. 32 అడుగుల తెరచాప పడవ, వయసు 36 ఏళ్లు, అమ్మేవాడు మూడో యజమాని. నువ్వు అడిగింది ఒకటే, "ఎంతకి అడగాలి?" అని. దానికే జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు తేలిగ్గా తేలే పనులు. అదే మోడల్, అదే వయసు పడవలు ఎంతకి అమ్ముడుపోయాయో ఇద్దరు ముగ్గురు బ్రోకర్లని అడుగు. ప్రకటనల్లో కనిపించేది అమ్మేవాళ్లు ఆశపడే ధరే. యాజమాన్యం కాగితాలు, పన్ను కట్టిన రుజువు చూపించమను. పడవ మీద తీరని బాకీలు ఉంటే చాలాచోట్ల అవి పాత యజమానితో పోవు, పడవతోపాటు నీ వెంట వస్తాయి. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే ఫోన్ చెయ్యి. ఇంత పాత పడవంటే సర్వే రిపోర్టు, అంటే పడవని పరీక్షించే సర్వేయర్ ఇచ్చే రిపోర్టు, లేనిదే చాలా కంపెనీలు ముట్టుకోవు. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

ఇక నా మొదటి పడవ సంగతి. నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మీ అత్తయ్య ముందు ఆ మాట ఎత్తడం ఇష్టంలేక.

అప్పుడు నాకు 34 ఏళ్లు. అమ్మేవాడు అడిగిన ధర వంద అనుకో. మూడు వారాలు బేరం చేసి 70కి దించాను. 30 మిగిలిందని ఇంట్లో పండగే పండగ. కనపడ్డవాళ్లందరికీ ఎంత తగ్గించానో చెప్పుకున్నాను. పడవలో ఏముందో మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే నేనే సరిగ్గా చూడలేదు.

చూడలేదు అనడం కూడా అబద్ధమే. ఒకటి చూశాను. లోపల కుడివైపు అలమరా తలుపు తీస్తే, వెనక చెక్క మీద పైనుంచి కిందకి గోధుమరంగు చార ఉంది. జానెడు పొడవుంటుంది. బొటనవేలితో నొక్కితే చెక్క తడిసిన అట్టముక్కలా లోపలికి దిగింది. ఇదేంటని అడిగితే అమ్మేవాడు, "ఒకసారి వానలో పైకిటికీ తెరిచి వదిలేశాం" అన్నాడు. పైకిటికీ అక్కడికి రెండు బారల దూరంలో ఉంది. ఆ నీళ్లు ఇక్కడికి రావు. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలుసు. తెలిసి తలూపాను. అప్పటికే ఆ పడవకి పేరు కూడా అనుకున్నాను అమ్మలూ. సర్వేయర్‌ని పెట్టమని ఒక స్నేహితుడు చెబితే, వందలో రెండో మూడో దానికెందుకు పోయాలి, బేరం చేసిందంతా దండగ కదా అన్నాను.

ఆ చార సరిగ్గా చెయిన్‌ప్లేట్ కింద ఉంది. మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, పక్కలకి పడిపోకుండా పట్టే స్టీలు తీగలుంటాయి కదా, వాటి కింది కొసని పడవకి బిగించే స్టీలు పట్టీ అది. పడవ పైతలం, అంటే డెక్ గుండా కిందకి దిగుతుంది. దిగేచోట సీలు ఊడితే నీళ్లు లోపలికి పోతాయి. నువ్వు చూస్తున్నలాంటి చాలా పాత ఫైబర్‌గ్లాస్ పడవల్లో డెక్ అంటే పైనొక పొర, కిందొక పొర, మధ్యలో బాల్సా చెక్క. ఆ చెక్క తడిస్తే బయటికి ఏమీ కనబడదు, లోపల కుళ్లుతుంది. ఇక ఆ పట్టీ స్టెయిన్‌లెస్ స్టీలు, అది మెరిసేది గాలి తగిలినంతసేపే. గాలిలోని ఆక్సిజన్ వల్లే దాని మీద కాపాడే పొర ఏర్పడుతుంది. తడిచెక్కలో గాలాడకుండా ఇరుక్కున్నచోట ఆ పొర పోయి, లోలోపల తుప్పు తినేస్తుంది.

రెండో ఏడాది ఒకరోజు. గాలి 18 నాట్స్, అంటే గంటకి 33 కిలోమీటర్లు ఉంటుందేమో, భయపడాల్సిన గాలేం కాదు. మీ అత్తయ్య చుక్కాని దగ్గరుంది. తుపాకి పేలినట్టు చప్పుడైంది. కుడివైపు తీగ వదులై గాల్లో ఊగుతోంది, మాస్ట్ ఎడమకి వంగుతోంది. "తిప్పు, అటు తిప్పు" అని అరిచాను. నా మాట పూర్తయ్యేలోపే తను పడవని తిప్పేసింది. గాలి రెండో వైపు నుంచి తగిలి, బరువు ఎడమవైపు తీగల మీద పడింది. మాస్ట్ నిలబడింది. ఒక్క క్షణం ఆలస్యమైతే అది సరిగ్గా తను కూర్చున్నచోటే పడేది. తెరచాపలు దించేసి ఇంజిన్ మీద నాలుగు గంటల్లో ఒడ్డుకి చేరాం. ఆ నాలుగు గంటలూ తను ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు విరిగిన పట్టీని బయటికి లాగాను. డెక్ పైన ఉన్న భాగం అద్దంలా మెరుస్తోంది. రోజూ నేను తుడిచింది ఆ భాగమే. డెక్ లోపల ఇరుక్కున్న అరంగుళం నల్లగా ఉంది. విరిగిన అంచు చూస్తే ముప్పావు వంతుకి పైగా పాత గోధుమరంగు. ఒక మూల మాత్రం గోరు మందాన కొత్త లోహం మెరుస్తోంది. అంతకాలం మా మాస్ట్‌ని పట్టి నిలబెట్టింది ఆ గోరంత ముక్క.

దుప్పటి పరిచినంత మేర డెక్ కోయించాను. నల్లటి పిప్పి బక్కెట్ల కొద్దీ తీశారు. అన్ని పట్టీలూ, అన్ని తీగలూ కొత్తవి వేయించాను. అంతా కలిపి 45 అయింది. అంటే 70 పోసి కొన్నది 115 అయింది. గట్టి పడవే వందకి దొరికేది. మీ అత్తయ్య మళ్లీ పడవ ఎక్కడానికి ఏడాది పైనే పట్టింది. డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను, ఆ ఏడాది మర్చిపోలేదు.

అందుకే చెబుతున్నాను, అమ్మేవాడు చెప్పిన ధర దగ్గర లెక్క మొదలుపెట్టకు. దాంట్లోంచి ఎంత తగ్గించావన్నది నీకు అనవసరం. బాగా చూసుకున్న, తీగలూ తెరచాపలూ ఈమధ్యే మార్చిన అలాంటి పడవ నిజంగా ఎంతకి పోతుందో అక్కడ మొదలుపెట్టు. నీకు అమ్మే ఆయన అడిగేదీ వంద అనుకో, ఆ మంచి పడవ 90కి పోతుందనుకో. దాంట్లోంచి దీనికి లేనివన్నీ తీసేస్తూ రా. ఒక జాగ్రత్త. నీరసంగా ఉన్న పడవల ధరతో మొదలుపెట్టి మళ్లీ రిపేర్లన్నీ తీసేస్తే, ఒకే లోపాన్ని రెండుసార్లు తీసినట్టవుతుంది. అది ఆయనకి అన్యాయం. బేరం చెడేది కూడా అక్కడే.

ప్రకటనలో తీగలు "కొత్తగా మార్చినవి" అని ఉంది. ఏ సంవత్సరమో లేదు. బిల్లు చూపించమను. బిల్లు లేకపోతే పాతవనే లెక్క. పదీ పదిహేనేళ్లకి తీగలు మార్చాలని పని తెలిసినవాళ్లు చెబుతారు, ఇన్సూరెన్స్ వాళ్లూ అదే అడుగుతారు. దానికి 10 తీసెయ్. పెద్ద తెరచాప ఫొటోలో సంచిలా ఉబ్బి కనబడుతోంది, బట్ట సాగిపోయింది. దానికి 6. అడుగున నీళ్లు వచ్చే కవాటాల్లో రెండు ఇత్తడివి, గులాబీరంగుకి తిరిగాయి. ఇత్తడిలోని జింకు పోతే అలా అవుతుంది, తర్వాత చేత్తో తిప్పితే విరిగిపోతాయి. వాటికీ పైపులకీ కలిపి 3. కారే కిటికీలకి 2. మొత్తం 21. నేను వేసినవి అంచనాలే, ఒక్కోదానికి పని చేసేవాళ్ల దగ్గర కొటేషన్ తీసుకో. దాని మీద మూడో వంతు, అంటే 7, కనబడనివాటి కోసం పక్కన పెట్టు. మిగిలింది 62. నువ్వు రాసివ్వాల్సిన మొదటి ఆఫర్ అదే. సర్వేలో దాచిన జబ్బేదీ బయటపడకపోతే ఆ 7 కూడా ఆయనకి ఇవ్వచ్చు. 69. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు.

వీడియోలు చూసి రిపేర్లు నేనే చేసుకుంటాను అన్నావట మీ అమ్మతో. రంగు వేసుకో, చెక్కకి పాలిష్ పెట్టుకో, ఇంజిన్ ఆయిల్ మార్చుకో, నేనూ వచ్చి సాయం చేస్తాను. మాస్ట్‌కి సంబంధించిన పని మాత్రం నువ్వు చెయ్యడానికి వీల్లేదు. దీని మీద నాతో వాదించకు. ఇంకోటి, చవగ్గా కొన్నావని నీకెవరూ చవగ్గా పని చెయ్యరు. పడవ నిలిపే అద్దె, బయటికి తీయించే ఖర్చు చాలావరకు పొడవుని బట్టి ఉంటాయి, నువ్వెంతకి కొన్నావో వాళ్లకి అక్కర్లేదు. ఉన్నదంతా కొనడానికే పెట్టేస్తే మొదటి ఏడాదే ఇబ్బంది పడతావు.

ఇంజిన్ చూడటానికి వెళ్లినప్పుడు ముందు దాని మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, ఇంకోరోజు వస్తానని చెప్పు. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. అడుగున పొక్కులు కనబడితే కంగారు పడకు, వాటివల్ల పడవలు మునగడం చాలా అరుదు. ధరలో లెక్కేసుకో, చాలు.

కీల్, అంటే పడవ తిరగబడకుండా అడుగున ఉండే బరువైన రెక్క, దాని దగ్గర మాత్రం తొందరపడకు. అది పడవకి అతికిన గీతలో పగులుందేమో, లోపల బోల్టుల చుట్టూ తుప్పుందేమో, అడుగు భాగం బిగింపులు ఊడాయేమో చూడాలి. 2014 మేలో చీకీ రఫీకీ అనే పడవ అట్లాంటిక్ దాటుతుంటే కీల్ ఊడిపోయి తిరగబడింది. నలుగురున్నారు, నలుగురూ పోయారు. అంతకుముందు నేలకి తగిలిన దెబ్బలూ, తర్వాతి రిపేర్లూ ఆ అతుకుని బలహీనం చేసి ఉండొచ్చని బ్రిటన్ విచారణ సంస్థ మరుసటి ఏడాది రిపోర్టు ఇచ్చింది. అందుకని ఎప్పుడైనా నేలకి తగిలిందా అని ఆయన్ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకో.

ఆఫర్ కాగితం మీదే ఇవ్వు. సర్వే, నీళ్లలో నడిపి చూడటం రెండూ నీకు తృప్తిగా ఉంటేనే అని రాయి. మామూలుగా పది శాతం అడ్వాన్సు అడుగుతారు. ఎప్పుడెప్పుడు తిరిగిస్తారో అందులోనే రాయించు. సర్వేయర్ నువ్వు ఎంచుకున్నవాడై ఉండాలి. బ్రోకర్ చెప్పినవాడు వద్దు, అమ్మేవాడి దగ్గరున్న పాత రిపోర్టూ వద్దు. సర్వే రోజు నువ్వు పక్కనే ఉండు, ఆయన సుత్తితో డెక్ మీద తడుతుంటే చప్పుడు విను. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, కుళ్లినచోట మొద్దుగా వినబడుతుంది. ఒక్క చెయిన్‌ప్లేట్ అయినా బయటికి తీసి చూపించమను, ఆ కూలి నువ్వే ఇస్తానని చెప్పు. ఒప్పుకోకపోతే అక్కడితో ఆపెయ్. నాకోసం ఆపెయ్.

ఆయనతో మర్యాదగా మాట్లాడు. పద్నాలుగేళ్లు ఆ పడవతో బతికిన మనిషి. ఆయన ముందు దాన్ని తీసిపారేసినట్టు మాట్లాడకు. లెక్క కాగితం, కొటేషన్లు చేతికిచ్చి, నా దగ్గర ఇంతే కుదురుతుందండీ అని చెప్పు. ఆయన కాదంటే దండం పెట్టి వచ్చెయ్, ఫోన్ నంబర్ ఇచ్చి రా. పడవ నిలిపినందుకు అద్దె నెలనెలా కడుతున్నది ఆయన. ఇంకెవరో చూడటానికి వస్తున్నారని నీకు టెన్షన్‌గా ఉందని తెలుసు. రానీ తల్లీ. వాళ్లు కొంటే కొననీ.

ఇదంతా రాస్తుంటే మీ అత్తయ్య వెనక నిలబడి చదువుతోంది. నేను వెళ్లి చూసి వస్తానంటే, తనూ వస్తానంది. శనివారం పొద్దున్నే బయల్దేరతాం. టార్చిలైటు తెస్తున్నాం. లోపల కుడివైపు అలమరా ఎవరూ తెరవద్దని చెప్పమంది, ముందు తనే తెరిచి చూస్తుందట.

మీ అమ్మతో నేను మాట్లాడతాను.

నీ మామయ్య