ముందు చాంబర్ కొలుచుకో, తర్వాత తరంగం ఎంచుకో

బెంగళూరు

చి. హరితకు,

బాబాయి ఆశీస్సులు. నిన్న ఫోన్లో గుక్క తిప్పుకోకుండా నువ్వే మాట్లాడావు, నేను చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోయింది. అందుకే రాసి పంపుతున్నాను.

మీ ల్యాబు చాంబర్‌లో ప్లాస్మా పుట్టించి (అంటే ఎలక్ట్రాన్లూ, వాటిని పోగొట్టుకున్న అయాన్లూగా విడిపోయిన గ్యాస్) అందులో ఆల్ఫ్వెన్ తరంగాల మీదే ప్రయోగం చేస్తానన్నావు. ఆ మోజు నాకూ ఉండేది. అయస్కాంత రేఖలు బిగించిన తీగల్లా, అయాన్ల బరువు మోస్తూ ఊగుతాయని 1942లో హానెస్ ఆల్ఫ్వెన్ లెక్కగట్టి చెప్పాడు. సూర్యుడి ఒంటికంటే చుట్టూ ఉన్న కరోనా అనే పలచని పొర అంత వేడిగా ఎందుకుందన్న చర్చలో ఆ పేరు ఇప్పటికీ వస్తుంది.

సరే, మీ చాంబర్ సంగతి చూద్దాం. పొడవు మీటరున్నర, ఆర్గాన్ గ్యాస్, 100 గాస్ అయస్కాంత క్షేత్రం, ఘన సెంటీమీటరుకు పదివేల కోట్ల ఎలక్ట్రాన్లు అన్నావు. ఆ క్షేత్రంలో ఆర్గాన్ అయాన్ అయస్కాంత రేఖ చుట్టూ సెకనుకు సుమారు 3,800 చుట్లు తిరుగుతుంది. ఆల్ఫ్వెన్ తరంగం అంతకంటే నెమ్మదిగా ఊగాలి. దాని వేగమేమో సెకనుకు సుమారు 110 కిలోమీటర్లు. భాగించి చూడు, ఒక్క అల పొడవే దాదాపు 29 మీటర్లు! హీలియం వాడినా 9 మీటర్లకు తగ్గదు. లాస్ ఏంజెలెస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పనికి సుమారు 20 మీటర్ల యంత్రం కట్టుకున్నది ఊరికే కాదు.

నీకు సరిపోయేది విస్లర్, అంటే ఈల తరంగం. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఫోన్ల మీద చెవి వేసినవాళ్లకు పైనుంచి కిందికి జారే ఈలలు వినపడ్డాయి. మెరుపు పుట్టించిన రేడియో తరంగం భూమి అయస్కాంత రేఖ పట్టుకుని అవతలి అర్ధగోళానికి పోయేటప్పుడు హెచ్చు ఫ్రీక్వెన్సీ ముందు, తక్కువది వెనక చేరుతుంది, అదే ఈల. 1953లో స్టోరీ అనే శాస్త్రవేత్త దాన్ని విప్పి చెప్పాడు. మీ చాంబర్‌లో 50 మెగాహెర్ట్జ్ ఇస్తే అల సుమారు 23 సెంటీమీటర్లు. ఆరు అలలు హాయిగా పడతాయి.

చాంబర్‌లో సెంటీమీటర్లు, ఆకాశంలో కిలోమీటర్లు, పోలికేంటని ఎవరైనా అడిగితే నిష్పత్తి చూపించు. మీ చాంబర్‌లో ఎలక్ట్రాన్ సెకనుకు 28 కోట్ల చుట్లు తిరుగుతుంది, నీ తరంగం దాంట్లో 0.18 వంతు. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీల్లో కనిపించే కోరస్ తరంగాలు, అవీ విస్లర్ జాతివే, అక్కడి ఎలక్ట్రాన్ చుట్లలో ఎక్కువగా 0.1, 0.8 వంతుల మధ్యే ఉంటాయి. గ్యాస్ ఒత్తిడి మాత్రం వీలైనంత తగ్గించు. అంతరిక్షంలో ఎలక్ట్రాన్లు ఢీకొట్టుకోవడం బాగా అరుదు.

ఇక అసలు సంగతి, తరంగాన్ని కొలిచే ప్రోబ్. చిన్న కాయిల్ చుట్టి గాజు గొట్టంలో పెట్టి లోపలికి దూరుస్తావు. క్షేత్రం మారితే అందులో వోల్టేజి పుడుతుంది. నా కుర్రతనంలో ఒక ల్యాబులో మూడు నెలలు అద్భుతమైన తరంగం కొలిచాం. నున్నటి సైన్ వేవ్, ముచ్చటగా గ్రాఫులు. ఒకరోజు బిగించేటప్పుడు పొరపాటున కాయిల్‌ను 180 డిగ్రీలు తిప్పేశాను. నిజమైన అయస్కాంత సంకేతమైతే తలకిందులవ్వాలి. మాది కదల్లేదు, అలాగే నవ్వుతూ కూర్చుంది. మేం కొలుస్తున్నది తరంగాన్ని కాదు, ప్లాస్మా వోల్టేజి కాయిల్ తీగకు కెపాసిటర్‌లా అంటుకుని ఇచ్చిన రొదని! నోటుబుక్ మూసి క్యాంటీన్లో టీ మీద టీ తాగాను.

అందుకని రెండు కాయిల్స్ ఎదురెదురు దిక్కుల్లో చుట్టు, ఒకదాని సంకేతంలోంచి ఇంకోదాని సంకేతం తీసేయి. రొద పోయి అయస్కాంత సంకేతం మిగులుతుంది. అయినా రోజూ ఒకసారి తిప్పి చూడు. మీ గైడు గారు నవ్వితే నవ్వనీ.

ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డులో ఆదివారం చాలా షాపులు తెరవరు, శనివారమే కాయిల్‌కు ఎనామిల్ పూత తీగా, కేబుల్ తగిలించడానికి రెండు బీఎన్సీ కనెక్టర్లూ కొని పెట్టుకో. ఆదివారం ఇంటికి తీసుకురా. పిన్ని పెసరట్లు వేస్తానంది, నేను ఎనామిల్ గీకడం చూపిస్తాను.

మీ బాబాయి