వేటకీ టార్గెట్‌కీ ఒకే రైఫిల్ అంటే, క్యాలిబర్ కన్నా ముందు బ్యారెల్ చూడండి

వేటకీ తీసుకెళ్లాలి, రేంజ్‌లో టార్గెట్ మీదా బాగా కొట్టాలి, రెండు కొనలేను ఒక్కటే తీసుకుంటా, ఏది తీసుకోమంటారు అని అడిగారు కదా. కుదురుతుందండి. నేను పన్నెండేళ్లుగా ఒక్క రైఫిల్‌తోనే రెండూ చేస్తున్నా. కాకపోతే అది నా రెండో రైఫిల్. మొదటిదాంతో ఏం జరిగిందో ముందు చెప్తా, మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది.

మొదటిది పక్కా వేట రైఫిల్. 308 విన్‌చెస్టర్ అనే తూటా వాడేది, సన్నటి బ్యారెల్, స్కోప్ (గురి చూసే దుర్బిణి) లేకుండా మూడు కేజీలు కూడా ఉండదు, భుజానికి తగిలించుకుంటే ఉందో లేదో తెలిసేది కాదు. దాన్ని రేంజ్‌కి తీసుకెళ్లి వంద మీటర్లలో కాగితం మీద కొడితే మొదటి మూడు షాట్లు పక్కపక్కనే, అగ్గిపెట్టె పెడితే మూసుకుపోయేంత దగ్గరగా పడేవి. నాలుగోది కాస్త పైకి, ఐదోది ఇంకా పైకి. నేనేమో స్కోప్ కదిలిందనుకుని నాబ్ తిప్పడం, కొట్టడం, మళ్లీ తిప్పడం, అలా ఒక్క సాయంత్రంలో నలభై రౌండ్లు కాల్చా. బ్యారెల్ మీద చెయ్యేస్తే చురుక్కుమంది, దాని మీంచి లేచే వేడికి స్కోప్‌లో టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు అల్లాడిపోతోంది. చివరికి షాట్లు మధ్యలో పడ్డాయి, సరిపోయిందనుకుని వచ్చేశా. రెండు వారాల తర్వాత వేటలో, తెల్లవారుజామున, చల్లటి బ్యారెల్‌తో మొదటి షాట్. జింక ఛాతీకి గురి పెడితే తూటా కింద నుంచి పోయి మట్టి లేచింది. ఇంకొంచెం పైన తగిలుంటే కాలు విరిగి ఆ జంతువు ఎక్కడో పొదల్లో పడి రోజుల తరబడి బాధపడేది, ఆ ఆలోచనకి ఆ రోజంతా మళ్లీ రైఫిల్ ఎత్తబుద్ధి కాలేదు.

జరిగింది ఏంటంటే నేను గురి సరిచేసుకున్నది వేడెక్కిన బ్యారెల్‌తో. సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది, వేడెక్కితే లోపలి ఒత్తిళ్ల వల్ల వెంట్రుకవాసి వంగినా, లేదా స్టాక్ (భుజానికి ఆనించుకుని పట్టుకునే దిమ్మ, బ్యారెల్ కింద దాకా ఉంటుంది) ముందు భాగానికి తగిలినా, తూటా పడే చోటు మారిపోతుంది. వేటలో దీంతో ఇబ్బంది లేదు, అక్కడ ఒకటో రెండో షాట్లు, అదీ చల్లటి బ్యారెల్‌తో. టార్గెట్ అంటే వరసగా పది, ఇరవై. ఈ రెండు పనులకీ అసలు తేడా ఇదే.

అందుకే రెండోసారీ అదే 308 తీసుకున్నా, బ్యారెల్ మాత్రం మార్చా. మధ్యరకం మందం, దుకాణంలో సెమీ హెవీ అంటే చూపిస్తారు. స్కోప్‌తో కలిపి నాలుగున్నర కేజీలు. పూట నడిచాక భుజానికి తెలుస్తుంది, నిజమే, కానీ పది షాట్లు కొట్టినా గ్రూప్, అంటే చిల్లులన్నీ కలిసి పడే చోటు, చెదరదు. మరీ బరువైన టార్గెట్ రైఫిల్ జోలికి మాత్రం పోకండి. ఎఫ్-టీఆర్ అనే దూరపు టార్గెట్ పోటీల్లో స్కోప్, బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ల స్టాండ్) కలిపి 8.25 కేజీల దాకా అనుమతిస్తారు, అంతటిది మోసుకుని గుట్టెక్కితే పైకి చేరేసరికి ఊపిరే అందదు, ఇంక గురేం కుదురుతుంది.

కొనేముందు ఒక పని చెయ్యండి, సన్న కాగితం ముక్క తీసుకుని బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి లాగండి. బ్యారెల్ బిగించిన రిసీవర్ దాకా ఎక్కడా తట్టుకోకుండా పోవాలి. మధ్యలో ఆగిందంటే బ్యారెల్ అక్కడ స్టాక్‌కి తగులుతోందన్నమాట.

క్యాలిబర్ గురించి జనం కొట్టుకుంటారు గానీ నాకైతే అది అంత పెద్ద విషయం కాదు. 308 1952 నుంచీ ఉంది, తూటాలు దొరకడం తేలిక, బ్యారెల్ చాలాకాలం వస్తుంది. 6.5 క్రీడ్‌మూర్‌ని హోర్నడీ వాళ్లు 2007లో తెచ్చారు, అసలు టార్గెట్ కోసమే చేసింది, కాల్చినప్పుడు భుజానికి తన్ను తక్కువ, దూరంలో గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, కాకపోతే బ్యారెల్ 308 కన్నా ముందే అరుగుతుంది. మీరున్న చోట ఏ తూటాలు ఎప్పుడూ దొరుకుతాయో అది తీసుకోండి, ఏ జంతువుకి ఏ క్యాలిబర్ ఉండాలన్న రూల్ ఉందేమో కూడా ముందే చూసుకోండి. మాగ్నమ్, అంటే మందు ఎక్కువుండి గట్టిగా తన్నే తూటాలది, మాత్రం వద్దు. పదో షాట్‌కి భుజం అదిరిపోతుంది, తర్వాత ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకోవడం అలవాటైపోతుంది, అది పోగొట్టుకోవడం మహా కష్టం.

అర ఎం.ఓ.ఏ. కొట్టే రైఫిలే కావాలని పట్టుబట్టొద్దు. ఎం.ఓ.ఏ. అంటే షాట్లు ఎంత చెదురుతాయో చెప్పే కోణం కొలత, ఒక ఎం.ఓ.ఏ. వంద మీటర్లలో 2.9 సెంటీమీటర్లు. ఒకటిన్నర కొట్టే రైఫిల్ రెండొందల మీటర్లలో దాదాపు 9 సెంటీమీటర్ల గ్రూప్ ఇస్తుంది, జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దానికి రెట్టింపు ఉంటుంది. ఒకటి కొట్టేది దొరికితే రేంజ్‌లో నేర్చుకోడానికీ బోలెడంత.

దానికన్నా రైఫిల్ మీ ఒంటికి సరిపోవడం ముఖ్యం. ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరవగానే స్కోప్‌లో వలయం నిండుగా కనపడాలి. మెడ సాగదీయాల్సొస్తే చెంప ఆనించే చోటు ఎత్తు సరిపోలేదు, అది పైకీ కిందకీ జరిపే స్టాక్ ఉంటే మంచిది. ట్రిగ్గర్ కేజీ, కేజింపావు దగ్గర ఉంచుకోండి, చలికి వేళ్లు మొద్దుబారినప్పుడు అంతకన్నా తేలికైనది ప్రమాదం. స్కోప్ 3-12 (మూడింతల నుంచి పన్నెండింతల దాకా పెద్దగా చూపించేది) గానీ 4-16 గానీ చాలు, వేటలో మాత్రం అన్నిటికన్నా చిన్న నంబర్ మీదే పెట్టుకుని నడవండి.

తూటాల్లో పొరపాటు పడొద్దు. టార్గెట్‌కి వాడే మ్యాచ్ బుల్లెట్లు చాలావరకు జంతువులో సరిగ్గా విచ్చుకునేలా చేసినవి కావు, వేటకి విచ్చుకునేవే వాడాలి. రెండూ ఒకేచోట పడవు. నా రైఫిల్‌లో మ్యాచ్ తూటా వంద మీటర్లలో 4 సెంటీమీటర్లు పైకి పడుతుంది, స్టాక్ మీద టేప్ అంటించి పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నా. వేట సీజన్‌కి ముందు పదిరోజులు రోజూ పొద్దున్నే వెళ్లి, వేట తూటాతో చల్లటి బ్యారెల్‌తో ఒక్కటే షాట్ కొట్టి వచ్చేస్తా, కాగితం మార్చను. పదో రోజుకి ఆ కాగితం మీద పది చిల్లులుంటాయి, స్కోప్ నాబ్ తిప్పాలా వద్దా అన్నది అది చూసే తేల్చుకుంటా.