సైనికుల రక్షణ దుస్తుల మీద పని చేయాలంటే ఏ పీజీ చేయాలి?

ప్రశ్న: టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. యుద్ధంలో సైనికులు వేసుకునే రక్షణ దుస్తులను మెరుగుపరిచే పని చేయాలని ఉంది. మెటీరియల్స్ సైన్స్‌లో పీజీ చేస్తేనే అవకాశం అంటున్నారు. నాకేమో కొలతలు, కటింగ్, డిజైన్ ఇష్టం. అవి ఈ రంగంలో పనికిరావా?

జవాబు: బాగా పనికొస్తాయి. టెన్షన్ పడకండి.

మీవాళ్లు చెప్పినదాంట్లోనూ నిజముంది. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ చేసిన పరిశోధన నుంచి కెవ్లార్ అనే గట్టి పీచు వచ్చాక ఈ రంగమే మారిపోయింది. రైఫిల్ తూటాకు ఆ పీచు ఒక్కటే చాలదు. ముందున్న సిరామిక్ ప్లేటు తూటాను పగలగొడితే, వెనక ఉన్న పీచు పొరలు ఆ ముక్కల్ని పట్టుకుంటాయి. ఇంకా తేలికైన ప్లేట్ల కోసం వెతుకులాట ఆగలేదు. కెమిస్ట్రీ మీద ప్రేమ ఉన్నవాళ్లకు అది మంచి దారే.

కానీ ఆ ప్లేటు వెనక ఒక మనిషి ఉంటాడు. ఎండలో మన ఒంటి వేడి తగ్గేది ముఖ్యంగా చెమట ఆవిరవడం వల్ల. తూటాను ఆపే పొరలే ఆ ఆవిరినీ ఆపేస్తాయి. పైగా బరువు మోస్తూ పరుగెత్తాలి. కవచాన్ని పెద్దది చేస్తే రక్షణ పెరుగుతుందనుకుంటాం గానీ, అలసిపోయి నెమ్మదించిన సైనికుడికి ప్రమాదం ఇంకోవైపు నుంచి పెరుగుతుంది. మగవాళ్ల కొలతలతో కుట్టిన కవచం వేసుకున్న మహిళా సైనికులకు పక్కల సందులు మిగలడం, రైఫిల్ భుజానికి సరిగా ఆనకపోవడం చాలాకాలంగా ఉన్న సమస్య. దీన్ని కొత్త పీచు తీర్చదు, మంచి ప్యాటర్న్, అంటే బట్ట కత్తిరించే నమూనా, తీరుస్తుంది.

లోదుస్తుల సంగతీ చూడండి. పాలిస్టర్, నైలాన్ మంటకు కరిగి చర్మానికి అంటుకుంటాయి. అందుకే 2006లో ఇరాక్‌లోని అమెరికన్ మెరైన్లు స్థావరం దాటి వెళ్లేటప్పుడు అలాంటి సింథటిక్ బనియన్లు వేసుకోకూడదని నిషేధించారు. చెమట త్వరగా ఆరుతుందని ఇష్టపడి వేసుకున్న బట్టే మంటల్లో గాయాన్ని పెంచుతోంది మరి.

కాబట్టి రక్షణ దుస్తులు లేదా ఫంక్షనల్ అపారెల్ (ప్రత్యేక అవసరాల కోసం తయారుచేసే దుస్తులు) మీద పీజీ ఉన్నచోట చేరండి. అక్కడ థర్మల్ మానికిన్ (దుస్తుల్లోంచి ఒంటి వేడి ఎంత బయటికి పోతుందో కొలిచే మనిషి బొమ్మ), త్రీడీ బాడీ స్కానర్ ఉన్నాయో లేదో ముందే కనుక్కోండి. శరీర ధర్మశాస్త్రం ఒక పేపరైనా చదవండి. స్టాటిస్టిక్స్ అసలు వదలొద్దు. పేల్చిన తూటాల్లో సగం కవచంలోంచి దూసుకెళ్లే వేగాన్ని వీ50 అంటారు, దాన్ని లెక్కకట్టేది గణాంకాలతోనే.

బట్ట పాతబడితే ఏమవుతుందో కూడా నేర్చుకోవాలి. జైలాన్ అనే పీచు కొత్తలో చాలా గట్టిది, కానీ వేడికీ తేమకీ బలహీనపడేది. 2003లో అమెరికాలో ఒక పోలీసు అధికారి వేసుకున్న జైలాన్ కవచంలోంచి తూటా దూసుకెళ్లింది. 2005లో అక్కడి జాతీయ న్యాయ సంస్థ ఆ రకం కవచాలకిచ్చిన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. కొత్త పీస్ మీద చేసిన టెస్టుతో సరిపెట్టుకుంటే ఏం జరుగుతుందో ఇది చెబుతుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకు తూటాల జోలికి వెళ్లకండి, విద్యార్థికి ఆ సదుపాయం దొరకడం కష్టం. కాలేజీ అనుమతితో, ఒప్పుకున్న స్నేహితులకు బరువు కట్టిన జాకెట్ వేయించి, చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తుందో, వంగితే మెడ దగ్గర ఎక్కడ ఒత్తుతుందో, కాసేపు నడిచాక చర్మం వేడి ఎంత పెరుగుతుందో కొలవండి. ప్యాటర్న్ మార్చి మళ్లీ కొలవండి. అంతకంటే ముందు, ఇలాంటి కవచం రోజూ వేసుకున్న మాజీ సైనికులు ఒకరిద్దరితో మాట్లాడండి. ఎక్కడ ఒరుసుకునేదో, ఏ భాగాన్ని తీసి పక్కన పడేయాలనిపించేదో అడిగితే మీ ప్రాజెక్టు అంశం అందులోనే దొరుకుతుంది.