ఒకే అల్మరాకి కువైట్‌లో ఒక ధర, మన దగ్గర ఇంకో ధర: ఎందుకు?

ప్రశ్న: అన్నా, మా ఆయన కువైట్‌లో డ్రైవర్. మేం కడపలో, ఎర్రముక్కపల్లి దగ్గర ఇల్లు కట్టుకుంటున్నాం, సంక్రాంతికి గృహప్రవేశం. మొన్న ఆయన అక్కడ ఒక పెద్ద ఫర్నిచర్ షాపుకి పోయి పుస్తకాల అల్మరా, మంచం, రెండు కుర్చీలు ఫొటోలు తీసి ధరలతో సహా వాట్సాప్‌లో పంపినారు. అదే కంపెనీకి హైదరాబాద్‌లో కూడా షాపు ఉంది కదా అని వాళ్ల వెబ్‌సైట్‌లో చూస్తే ఏ ఒక్కటీ కలవడం లేదు. అల్మరా ఇక్కడ ఎక్కువ, కుర్చీ అక్కడ ఎక్కువ. కంపెనీ ఒకటే, వస్తువు ఒకటే, పేరు కూడా ఒకటే, మరి ధర ఎందుకు వేరు? మనల్ని మోసం చేస్తున్నారా? అక్కడే కొని పంపించమంటే లాభమా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: చెల్లెమ్మా, మీ ఆయన చేసిన పని మంచి పని, ఫొటోతో పాటు ధర కూడా పంపబట్టే ఈ లెక్క తేల్చుకునే వీలు వచ్చింది. మోసమేమో అన్న టెన్షన్ వదిలేయండి. మీకు వచ్చిన అనుమానం ప్రపంచమంతా వచ్చిందే. ఐకియా అనే ఫర్నిచర్ కంపెనీకి బిల్లీ అని ఒక పుస్తకాల అల్మరా ఉంది, 1979 నుంచి అమ్ముతున్నారు, వాళ్ల షాపులున్న దాదాపు అన్ని దేశాల్లోనూ అదే దొరుకుతుంది. 2009లో బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ వాళ్లు దాని ధరని దేశదేశాల్లో డాలర్లలోకి మార్చి పక్కపక్కన పెట్టి చూశారు. యూఏఈలో అన్నిటికన్నా తక్కువ, ఇజ్రాయెల్‌లో అన్నిటికన్నా ఎక్కువ, ఆ రెండింటికీ మధ్య తేడా రెట్టింపు పైనే. అవే చెక్కలు, అవే మేకులు.

ఎందుకంటే చెక్క ముక్కకి, దాన్ని కోసి అంచులు అతికించడానికి అయ్యే ఖర్చు మీరు కట్టే డబ్బులో ఒక భాగం మాత్రమే. మిగిలిందంతా ఆ వస్తువు ఫ్యాక్టరీ గేటు దాటిన తర్వాత కలిసేదే: ఓడ బాడుగ, సుంకం, గోడౌను, షాపు అద్దె, అక్కడ పనిచేసే వాళ్ల జీతాలు, పన్ను, లాభం. ఈ మిగిలింది ఏ దేశానికి ఆ దేశంలోనే తయారవుతుంది కాబట్టి ధర కూడా ఏ దేశానిది ఆ దేశంలోనే తేలుతుంది.

ముందు పన్ను సంగతి, అన్నిటికన్నా తేలిగ్గా లెక్కకి దొరికేది అదే. బయటి నుంచి వచ్చే ఫర్నిచర్ మీద మన దేశం సుంకం 2018 బడ్జెట్‌లో 10 శాతం నుంచి 20కి పెంచింది, 2020 బడ్జెట్‌లో 25కి పెంచింది, ఇప్పటికీ అటు ఇటుగా ఆ దగ్గరే ఉంది. లెక్క కోసం, మన రేవుకి చేరేసరికి 10,000 రూపాయలు పడిన అల్మరా అనుకోండి. 25 శాతం సుంకంతో 12,500 అయింది. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 14,750. గమనించండి, జీఎస్టీ పదివేల మీద పడలేదు, సుంకం కలిసిన పన్నెండున్నర వేల మీద పడింది. ఇంకా షాపు తలుపు తీయలేదు, ఒక్క జీతం ఇవ్వలేదు, అప్పుడే ధర దాదాపు ఒకటిన్నర రెట్లు.

కువైట్‌లో చూస్తే గల్ఫ్ దేశాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న సుంకం మామూలు వస్తువుల మీద 5 శాతం, ఆ పైన వ్యాట్ అసలు లేదు. అదే పదివేల అల్మరా అక్కడ 10,500 దగ్గర ఆగిపోతుంది. గల్ఫ్ అంతా ఇట్లాగే అనుకోవద్దు, యూఏఈలో 2018 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది, సౌదీలో 2020 జూలైలో దాన్ని 15 శాతం చేశారు. ఐకియా పుట్టిన స్వీడన్‌లోనేమో వ్యాట్ 25 శాతం, ధర చీటీ మీద అంకెలోనే అది కలిసి ఉంటుంది.

మరి కుర్చీ ఇక్కడెందుకు తక్కువ అని మీరు అడిగారు, నాకు నచ్చిన ప్రశ్న అది. ఇక్కడే తయారైన వస్తువు మీద దిగుమతి సుంకం పడదు. మన ప్రభుత్వం 2012లో ఒకే బ్రాండు అమ్మే విదేశీ షాపులకి నూరు శాతం పెట్టుబడి అనుమతించినప్పుడు, సగం పైన వాటా విదేశీయులదైతే 30 శాతం సరుకు ఇక్కడే కొనాలని షరతు పెట్టింది. ఐకియా అయితే అంతకు చాలా ముందు నుంచే దుప్పట్లు, తివాచీల లాంటివి మన దేశంలో కొని బయట దేశాలకి పంపుతోంది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదటి షాపు తెరిచినప్పుడు 200 రూపాయల లోపు వస్తువులే వెయ్యి పెట్టామని చెప్పుకున్నారు. అది ఊరికే చెప్పిన మాట కాదు, మనవాళ్ల జేబు చూసి వేసిన లెక్క. మీరు చూసిన కుర్చీ మన దేశంలోనే తయారై ఉంటే, కువైట్‌కి పోవడానికి దానికే ఓడ బాడుగ, సుంకం పడతాయి, కాబట్టి అక్కడ ఎక్కువ. వెబ్‌సైట్‌లో వస్తువు వివరాల్లో తయారైన దేశం ఏదో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి, సగం చిక్కుముడి అక్కడే విడిపోతుంది.

ఓడ బాడుగ అన్నాను కదా, ఫర్నిచర్‌కి అది చాలా పెద్ద సంగతి. మన ప్రొద్దుటూరు బంగారం లాంటి సరుకైతే చిన్న పెట్టెలో లక్షలు పోతాయి. సోఫా అట్లా కాదు, ఎక్కువ భాగం గాలే, ఆ గాలికీ బాడుగ కట్టాలి. విప్పి చదునైన అట్టపెట్టెలో పెట్టి అమ్మడం 1950లలోనే ఐకియా మొదలుపెట్టింది ఇందుకే. 2019లో ఒక 40 అడుగుల కంటెయినర్‌కి ప్రపంచ సగటు బాడుగ 1,500 డాలర్ల లోపే ఉండేది, 2021 సెప్టెంబరుకి అది పదివేలు దాటింది. ఆ రోజుల్లో సోఫాల ధరలు ఎందుకట్లా ఎగిరాయో అర్థమవుతుంది కదా. బాడుగ తర్వాత తగ్గింది, ధర అంత తొందరగా దిగలేదు.

వీటన్నిటి తర్వాత కూడా కొంత తేడా మిగిలిపోతుంది. అది వ్యాపారి తెలివి. ఆ ఊళ్లో పోటీ ఎవరు, ఆ వస్తువుని అక్కడి జనం అవసరం అనుకుంటారా గొప్ప అనుకుంటారా, ఎన్ని అమ్ముడుపోతాయి, ఇవన్నీ చూసి ధర పెడతారు. 2014 డిసెంబరులో దక్షిణ కొరియాలో ఐకియా మొదటి షాపు తెరవబోతుంటే అక్కడి జనం ముందుగానే వెబ్‌సైట్లు పోల్చి చూసి, మాకే ఎక్కువ పెట్టారని గట్టిగా గొడవ చేశారు. ఏ దేశం ధర ఆ దేశం పరిస్థితిని బట్టి పెడతాం అని కంపెనీ జవాబు. నా మటుకు నాకు కొరియావాళ్లు చేసింది సరైన పని అనిపిస్తుంది. కొనేవాళ్లు పోల్చి చూస్తున్నారని తెలిస్తేనే అమ్మేవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

ఇంకొకటి, మీరు దినార్‌ని ఈ రోజు రేటుతో గుణించి చూసి ఉంటారు. మారకం రేటు రోజూ కదులుతుంది, ధర చీటీ నెలల తరబడి కదలదు. ఐకియా హైదరాబాద్ షాపు తెరిచిన 2018 ఆగస్టులో డాలర్ 70 రూపాయల దగ్గర ఉంది, 2025 మధ్యకి 85 దాటింది. చీటీ మీద అంకె మారకుండానే తేడా పుట్టుకొస్తుంది.

ఇక కొని పంపించమనాలా అన్న ప్రశ్న. వద్దమ్మా. విమాన కార్గోవాళ్లు బరువు ఒక్కటే చూడరు, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగించి వచ్చిన అంకెని కూడా కిలోలుగా లెక్కేసి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తారు. 80 వెడల్పు, 28 లోతు, 202 ఎత్తు ఉన్న అల్మరాని బిగించినదాన్ని బిగించినట్టు పంపితే 75 కిలోల లెక్క వస్తుంది. విప్పి పంపితే తగ్గుతుంది, నిజమే, కానీ ఇక్కడ దిగాక సుంకం ఉండనే ఉంది. మా చిన్నాయన కొడుకు ఇట్లాగే గల్ఫ్ నుంచి ఓడ కార్గోలో ఒక మంచం పంపినాడు, రెండున్నర నెలలకి ఇల్లు చేరింది, బోల్టుల పొట్లం చేరలేదు. ఆ సైజు బోల్టులు కడపలో ఎక్కడా దొరక్క చివరికి ఆచారి చేత కొత్తగా రంధ్రాలు వేయించి నిలబెట్టారు. మా పిన్ని పాపం ఆ మంచం మీద ఇప్పటికీ భయంభయంగానే కూర్చుంటుంది.

మీ ఆయన సంపాదించిన దినార్లు రూపాయలుగానే ఇంటికి రానివ్వండి. పుస్తకాల అల్మరా లాంటి పలకల వస్తువు మీకు నచ్చితే హైదరాబాద్ నుంచే తెప్పించుకోండి, రవాణా చార్జీ ముందే అడిగి కలుపుకోండి. మంచం మాత్రం ఇక్కడే చేయించండి. కువైట్‌లోనో అమెరికాలోనో దొరకని చవక మన దగ్గర ఒకటి ఉంది, చేయి తిరిగిన ఆచారి కూలి. బాగా ఆరిన వేప కట్టె మంచం మీ మనవల కాలం దాకా ఉంటుంది, కాలు వదులైతే ఆయనే వచ్చి బిగిస్తాడు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో సోఫా కొన్నాడు. చీటీ మీద చూసిన ధర ఒకటి, బిల్లు ఇంకొకటి, ఇంటికి తెచ్చి బిగించడానికి మళ్లీ వేరే. అమెరికాలో వస్తువులు చవక అంటారు కదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అక్కడ ధర చీటీ మీద అమ్మకం పన్ను కలపరండీ, బిల్లు దగ్గర కలుపుతారు. టెక్సాస్‌లో రాష్ట్రం పన్ను 6.25 శాతం, ఊరి పన్నులతో కలిపి 8.25 దాకా పోతుంది. కాబట్టి అక్కడి చీటీని పన్నుతో కలిసిన మన ధర పక్కన పెట్టి చూడకూడదు. (మన షోరూముల్లో కూడా కొందరు జీఎస్టీ ఎక్స్‌ట్రా అంటారు, నోటితో అడిగి రాయించుకోండి.) ఫ్యాక్టరీలో యంత్రం చేసే పని అక్కడ చవక, మనిషి చేత్తో చేసే పని ఖరీదు, అందుకే సామాన్యుడు కూడా స్క్రూడ్రైవర్ పట్టుకుని తానే బిగించుకుంటాడు. పైగా చైనా ఫర్నిచర్ మీద 2018లో 10 శాతం అదనపు సుంకం వేసి మరుసటి ఏడాది 25 చేశారు, చాలా కంపెనీలు వియత్నాం దారి పట్టాయి. 2025 అక్టోబరు నుంచి మెత్తలు కుట్టిన కట్టె సోఫాల లాంటి వాటి మీద ఏ దేశం నుంచి వచ్చినా సరే సుంకం అన్నారు, చాలా దేశాలకి అది 25 శాతం. మీ అబ్బాయి బిల్లులో అదీ కొంత ఉండే ఉంటుంది.

ప్రశ్న: సామిల్లులో బర్మా టేకు అని ఒక రేటు, ఆఫ్రికా టేకు అని ఒక రేటు చెప్తున్నారు. ఏది నమ్మాలి?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. కాబట్టి బర్మా టేకు దుంగ అని కొత్తగా ఎవరైనా చూపిస్తే కాగితాలు అడగండి. ఇప్పుడు మన రేవులకి వచ్చేది ఎక్కువగా ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల తోటల టేకు. చిన్న వయసులో కొట్టిన చెట్టయితే అంచున తెల్ల కట్టె ఎక్కువ ఉంటుంది, చెదలు ముందు పట్టేది దానికే, సీఎఫ్‌టీ (ఘనపు అడుగు) రేటు తక్కువ చెప్పడానికి అదొక కారణం. దుంగల మీద మన సుంకం తక్కువ, తయారైన ఫర్నిచర్ మీద ఎక్కువ, కాబట్టి కట్టె తెచ్చుకుని ఇక్కడ కోయించి చేయించడం విదేశీ మంచం కొనడం కన్నా కలిసొస్తుంది. కోయించేటప్పుడు మాత్రం పక్కనే నిలబడండి, తెల్ల కట్టె తీసేశాక మిగిలిన ఎర్ర కట్టెని కొలిపించి, దానికే డబ్బు కట్టండి.