మీ డబ్బు మీ ప్రశ్న: సిగరెట్ సంగతి బీమా ఫారంలో రాయాలా?

ప్రశ్న: సార్, నాకు 26. మాది మిర్యాలగూడ, ఇక్కడ కూకట్‌పల్లిలో పీజీలో ఉంటా, మాదాపూర్‌లో టెస్టింగ్ జాబ్, చేతికి 48 వేలొస్తది. నాన్నది టైలరింగ్ షాపు, చెల్లి బీఫార్మసీ సెకండియర్. నా ఎడ్యుకేషన్ లోన్ ఇంకా 7 లక్షలుంది. కోటి రూపాయల టర్మ్ పాలసీ తీసుకుందామనుకుంటే మా మేనమామ, ఆయన ఏజెంటే, "బతికుంటే రూపాయి రాదు, అదేం పాలసీరా, పైసలు వాపస్ వచ్చేది తీస్కో" అంటుండు. ఇంకోటి, రోజూ రెండు మూడు సిగరెట్లు తాగుతా, ఇంట్ల తెల్వదు. పాలసీ అమ్మడానికి ఫోన్ చేసినామె "నో అని పెట్టేయండి, ఏం కాదు" అన్నది. ఆఫీసోళ్ళిచ్చిన 20 లక్షల బీమా కవర్ ఎట్లాగూ ఉన్నది. ఏం చేయమంటరు?

జవాబు: ముందు మామయ్య సంగతి చూద్దాం, ఎందుకంటే పండక్కి ఊరెళ్తే మీరు ఆయనకి జవాబు చెప్పుకోవాలి కదా. బతికుంటే రూపాయి రాదన్న మాట నిజమే, టర్మ్ పాలసీ అంటే గడువులోపు మనం పోతేనే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చే బీమా. బైక్ ఇన్సూరెన్స్ కడతారు, ఏడాదంతా బండికి ఏమీ కాకపోతే ఆ డబ్బు వాపస్ ఇమ్మని ఎవరైనా అడుగుతారా? డబ్బులు తిరిగిచ్చే టర్మ్ ప్లాన్లు ఉన్నాయి, కాకపోతే ప్రీమియం బాగా ఎక్కువ. లెక్క కోసం మామూలు ప్లాన్ ఏడాదికి 10 వేలు, వాపస్ ఇచ్చేది 20 వేలు అనుకుందాం. 60 ఏళ్ళ దాకా అంటే 34 ఏళ్ళు కట్టాక మీ 6 లక్షల 80 వేలు మీకే ఇస్తారు, పైసా వడ్డీ లేకుండా. అదే ఆ మిగిలిన 10 వేలు ఏటా పీపీఎఫ్‌లో, అంటే ప్రభుత్వ పొదుపు ఖాతాలో వేస్తూపోతే, ఇప్పుడున్న 7.1 శాతం వడ్డీ అలాగే ఉంటే, దగ్గరదగ్గర 14 లక్షలు అవుతుంది. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి, మామయ్య టాపిక్ మార్చేస్తారు.

ఇక మీకు పాలసీ కావాలా అంటే, కావాలి. పెళ్ళి కాలేదు కదా అప్పుడే ఎందుకు అని చాలామంది అంటారుగానీ పెళ్ళితో దీనికి సంబంధం లేదు, మీ జీతం ఆగితే ఎవరింట్లో ఇబ్బంది అవుతుంది అన్నదే చూడాలి. ఆ ఎడ్యుకేషన్ లోన్ కాగితాల మీద కో-అప్లికెంట్‌గా నాన్న సంతకం ఉండే ఉంటుంది, ఒకసారి చూడండి. ఉంటే, మీకేమైనా అయితే బ్యాంకువాళ్ళు వెళ్ళేది ఆయన షాపుకే, కుట్టుమిషన్ మీద 7 లక్షలు తీర్చడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా. ఆఫీసు కవర్ మీరు రిజైన్ చేసేదాకే, రెండేళ్ళకోసారి కంపెనీ మారే మీ ఫీల్డులో దాన్ని లెక్కలోకే తీసుకోకండి. కోటి అంటే మీ ఏడాది జీతానికి పదిహేను రెట్లపైనే, ఇప్పటికి చాలు. కాకపోతే ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కోటి ఇప్పటి 31 లక్షలతో సమానం, కాబట్టి పెళ్ళి, పిల్లలు, ఇంటి లోన్ అయ్యాక ఇంకొకటి కలుపుకోవాల్సి వస్తుంది. పాలసీ మీకు 60 ఏళ్ళు వచ్చేదాకా చాలు, 85 అనీ 99 అనీ చెప్పేవాళ్ళకి దండం పెట్టేయండి, ఆ వయసులో మీ జీతం మీద బతికేవాళ్ళు ఎవరుంటారు!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, సిగరెట్. రాయండి. రోజుకి రెండే కదా, వీకెండే కదా అన్న లెక్కలు ఫారంలో చెల్లవు, గుట్కా, ఖైనీ కూడా పొగాకు కిందికే వస్తాయి. స్మోకర్ అంటే ప్రీమియం బాగా పెరుగుతుంది, ఒకటిన్నర రెట్లు అయినా ఆశ్చర్యపోకండి. మెడికల్ టెస్టులో నికోటిన్ తాలూకు ఆనవాలు దొరికితే అప్పుడే బయటపడుతుంది. టెస్టు పెట్టకుండా ఇచ్చేశారంటే అది ఇంకా డేంజర్, ఎందుకంటే అప్పుడు సాక్ష్యం మీ సంతకం ఒక్కటే. ఇన్సూరెన్స్ చట్టం సెక్షన్ 45 ప్రకారం పాలసీ మూడేళ్ళు దాటాక ఏ కారణంతోనూ కంపెనీ దాన్ని ప్రశ్నించలేదు, ఇది చెప్పే ఆ ఫోన్ చేసినావిడ లాంటివాళ్ళు "ఏం కాదు" అంటారు. మరి ఆ మూడేళ్ళలో ఏమైనా అయితే? మీ అకౌంట్‌లో డబ్బుల్లేక పాలసీ ల్యాప్స్ అయి, అంటే ఆగిపోయి, మళ్ళీ రివైవ్ చేస్తే ఆ మూడేళ్ళు కొత్తగా మొదలవుతాయని ఆవిడ చెప్పదు. క్లెయిమ్ రోజు ఆవిడ ఉండదు, కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగేది మీ నాన్న.

ఒక్క చిక్కు మాత్రం ఉంది, పాలసీ కాగితాలతో మీరు నింపిన ఫారం కాపీ కూడా వస్తుంది. అమ్మ నామినీ అయితే ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఆమెకి తెలియాలి, అందులో స్మోకర్ అని ఉంటుంది. దానికి నా దగ్గర ఉపాయం లేదు, తిట్లు తినడమే. మానేస్తే మాత్రం, చాలా కంపెనీలు గత ఏడాదిలో తాగారా అనే అడుగుతాయి, ఏడాది నిజంగా మానేశాక నాన్-స్మోకర్‌గా కొత్త పాలసీ తీసుకుని, అది చేతికొచ్చాకే పాతది ఆపండి.

కాగితాలు అందిన రోజునుంచి 30 రోజులు ఫ్రీలుక్, అంటే వద్దనుకుంటే పాలసీ వెనక్కి ఇచ్చేసే గడువు ఉంటుంది. ఆ ఫారం కాపీ అక్షరం అక్షరం చదవండి, ఏజెంట్లు తొందరలో ఏమేమో టిక్ పెట్టేస్తారు, తప్పుంటే దిద్దించండి, లేదా రద్దు చేసుకోండి. అన్నట్టు 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత లైఫ్ పాలసీల మీద జీఎస్టీ లేదు, అంతకుముందు టర్మ్ ప్రీమియం మీద 18 శాతం ఉండేది, ఎవరైనా పాత కొటేషన్ చూపిస్తే అడగండి.

ప్రశ్న: నాకు 23, దిల్‌సుఖ్‌నగర్. నాన్నకి గవర్నమెంట్ పెన్షన్, అమ్మ టీచర్, అప్పుల్లేవు, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ లేరు. టర్మ్ పాలసీ చిన్న వయసులో కొంటే ప్రీమియం జీవితాంతం తక్కువే అని ఫ్రెండ్స్ అందరూ తీసేసుకున్నారు. నేనూ కొనాలా?

జవాబు: ఇప్పుడు అక్కర్లేదమ్మా. మీ ఫ్రెండ్స్ చెప్పింది కరెక్టే, కొన్ననాటి రేటు చివరిదాకా ఉంటుంది, కానీ మీ జీతం మీద ఎవరూ ఆధారపడి లేనప్పుడు ఎవరి కోసం కడతారు? ముందు ఆఫీసుతో సంబంధం లేని హెల్త్ పాలసీ సొంతంగా తీసుకోండి. ఇంట్లో షుగర్, బీపీ వంశపారంపర్యంగా ఉంటే మాత్రం మరీ లేట్ చేయకండి. నేను 30 దాటాక, బీపీ వచ్చాక కొన్నాను, ఇప్పటికీ ఏటా ఎక్కువ కడుతూ ఏడుస్తున్నాను.

ప్రశ్న: ఫుడ్ డెలివరీ చేస్తా సార్, ఉప్పల్. పే స్లిప్ లేదు, ఐటీ రిటర్న్ లేదు, కంపెనీలు కోటి టర్మ్ పాలసీ ఇవ్వడం కుదరదన్నాయి.

జవాబు: ముందు మీ బ్యాంకులో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా అడగండి, 18 నుంచి 50 ఏళ్ళవాళ్ళకి, ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల కవర్, ఏ కారణంతో పోయినా వస్తుంది, కొత్తగా చేరితే మొదటి 30 రోజులు మాత్రం యాక్సిడెంట్ మరణానికే. యాక్సిడెంట్‌కి ఇంకో 2 లక్షలు ఇచ్చే సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, రోజంతా రోడ్డు మీద ఉండే మీకు అది తప్పనిసరి. మే నెలాఖరులో అకౌంట్‌లో ఆ 456 ఉంచండి, అప్పుడే కట్ అవుతాయి. ఈ ఏడాదినుంచి రిటర్న్ వేయడం మొదలుపెట్టండి, రెండు మూడేళ్ళ రిటర్న్‌లు చేతిలో ఉంటే 50 లక్షలకి మళ్ళీ అడగొచ్చు.