కాలువలో చెత్త, బస్తాలో లక్ష్మీదేవి

"కయాక్ వేసుకుని కాలువలో చెత్త తీసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? నిజంగా ఉపయోగం ఉంటుందా, లేక రీల్స్ కోసమేనా?" అని అడిగారు. నేనున్నానండి. కయాక్ అంటే ఒకరిద్దరు కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి చిన్న పడవ. రీల్స్ తీయలేదు. ఒక చేతిలో తెడ్డు, ఇంకో చేతిలో ఎవరో పారేసిన డైపర్ ఉన్నప్పుడు ఫోన్ పట్టుకోడానికి మూడో చెయ్యి ఉండదు.

మాది పాలకొల్లుకీ నరసాపురానికీ మధ్య ఓ ఊరు. పెరటి గోడ దాటితే కాలువ. మా మేనల్లుడు కోపెన్‌హాగెన్‌లో చదువుతున్నాడు. అక్కడ 2017లో గ్రీన్‌కయాక్ అని ఒకటి మొదలుపెట్టారు. కయాక్ ఊరికే ఇస్తారు, అద్దె బదులు నీళ్లలో కనబడిన చెత్త ఏరుకుని రావాలి. వాడు ఆ ఫోటోలు పంపి, "మావయ్యా, మన కాలువలో అయితే పది నిమిషాలకే బకెట్ నిండిపోద్ది" అన్నాడు. వాడు వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం పౌరుషం వచ్చింది. ఆన్‌లైన్‌లో గాలి కొట్టే కయాక్ ఒకటి తెప్పించాను. పదకొండు వేలు. ఇంట్లో ఏడు వేలని చెప్పాను.

ఉపయోగం ఉందా అంటే, ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే కాలువ నడిమధ్య బాగానే కనిపిస్తుంది. అసలు చెత్తంతా అంచుల్లో ఉంటుంది. వంగిన కొమ్మల కింద, వంతెన స్తంభాల దగ్గర, పాత రేవు మెట్ల సందుల్లో. అక్కడికి గట్టు మీద నుంచి చెయ్యి అందదు, ఇంజిన్ పడవ వెళ్లదు. కయాక్‌కి జానెడు నీళ్లు చాలు, కొమ్మ కిందికి తల వంచుకుని దూరిపోవచ్చు. ముందు ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు ఎదురు వెళ్లి, బస్తాలు నిండాక వాలున దిగి రావాలి. మొదటి రోజు మేం ఇది తిరగేసి చేశాం, ఇంటికి చేరేసరికి చీకటి పడింది. లాకులకీ తూములకీ మాత్రం దూరంగా ఉండండి, నీరు లాగేస్తుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరైనా "మాకు ఈత వచ్చు" అంటే వాళ్లని ఎక్కించుకోకండి. గుర్రపు డెక్క ఉన్నచోట కయాక్ పనికిరాదు. దాని మీద ఎక్కి కూర్చుంటుంది, బెల్లంలో ఈగలాగా. అది రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క, మనం తెడ్డు వేసి గెలిచేది కాదు.

ఇక నేను చెప్పాలనుకున్నది ఇది. మీరు అడగలేదు, అయినా చెప్తాను.

మొన్నటేడు పోలి పాడ్యమి మర్నాడు పొద్దున్నే నేనూ మా బావమరిదీ దిగాం. బావమరిది తొంభై కిలోల మనిషి, ముందు కూర్చుంటే వెనక నేను గాల్లో ఉంటాను. అందుకని వాణ్ని వెనక కూర్చోబెట్టి, మధ్యలో నాలుగు ఖాళీ యూరియా బస్తాలు పెట్టుకున్నాం. ముందురోజు తెల్లవారుజామున ఊరంతా దీపాలు వదిలింది. ఒకప్పుడు అరటి దొప్పలో వదిలేవాళ్లు, అది నాలుగు రోజుల్లో కుళ్లి నీళ్లలో కలిసిపోయేది. ఇప్పుడు సగం పైన థర్మాకోల్ దొప్పలే. తెల్లగా, అంచున నూనె జిడ్డుతో, వత్తి మసితో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ స్తంభానికి అతుక్కుని ఉన్నాయి. పట్టుకుంటే పిండిలా విడిపోతాయి. ఒక దొప్ప తీయబోతే పాతిక ముక్కలవుతుంది. దోమల బ్యాట్ సైజులో ఒక జాలి కట్టుకుని వెళ్లాం కాబట్టి సరిపోయింది.

వాటి కింద ఒక సంచి తగిలింది. బట్టల షాపు సంచి, మూడు ముళ్లు వేసి ఉంది. చెత్త పారేసేవాడు ముడి వెయ్యడు, గుర్తు పెట్టుకోండి. ముడి ఉందంటే అందులో భక్తి ఉందని అర్థం. లాగితే బరువుగా ఉంది. ముడి కోసి చూస్తే ఎండిన పూలదండ, తీసేసిన తోరణం, రెండు పాత క్యాలెండర్లు, అద్దం పగిలిన లక్ష్మీదేవి పటం. ఆ అద్దం ముక్క ఇంకో అంగుళం ఇటు వచ్చుంటే మా పదకొండు వేలు తుస్సుమనేవి. బావమరిది ఆ సంచి అలాగే బస్తాలో కుక్కబోయాడు.

సరిగ్గా అప్పుడే గట్టు మీద పళ్లు తోముకుంటున్న మా బాబాయి చూశాడు.

"ఏరా, లక్ష్మీదేవిని తీసుకెళ్లి చెత్తలో కుక్కుతారా? కళ్లు పోతాయిరా!"

"కాలువలో పారేసినవాళ్లకి పోలేదుగా బాబాయ్."

"అది పారేయడం కాదు, నిమజ్జనం."

అరగంట పట్టింది ఆ వాదన. ఈలోపు కొమ్మ మీద నుంచి నీరుకట్టె పాము ఒకటి జారి మా పక్కనే పడింది. అది ఏమీ చెయ్యదని నాకు తెలుసు, బావమరిదికి తెలియదు. వాడు లేచి నిలబడ్డాడు. తర్వాత ఏం జరిగిందో నేను రాయక్కర్లేదు. నడుం లోతు నీళ్లలో నిలబడి, ఒక చేత్తో కయాక్, ఒక చేత్తో అమ్మవారిని పట్టుకుని నేను, గట్టు మీద నవ్వు ఆపుకోలేక బ్రష్ మింగబోయిన బాబాయి. దేవతాపటాలు చెత్త బస్తాలో వేయకూడదనీ, విడిగా మా ఇంటికి తీసుకెళ్లాలనీ ఒప్పందం కుదిరింది.

ఆ రోజు నుంచి లెక్క గమనిస్తున్నాను. నా అంచనాలో మా కాలువలో చెత్త రూపాయికి పన్నెండణాలు వంతెన మీద నుంచి పడేదే. బండి ఆపరు. స్లో చేసి, సంచి విసిరి, కొందరైతే దణ్ణం కూడా పెట్టుకుని వెళ్తారు. మిగతా నాలుగణాలు పెళ్లి భోజనాలవి. 2022 జూలై నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్ట్రాలు దేశమంతా నిషేధం. ఆ ఏడాది ఆఖరు నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి సంచులూ కుదరవు. మా కాలువకి ఆ కబురు ఇంకా అందలేదు.

ఇంకో సంగతి, కయాక్‌లో కూర్చుంటేనే కనబడేది. నీటి మట్టం నుంచి చూస్తే ఊరంతా వీపులే. బాత్‌రూం గొట్టాలు, పెంటకుప్పలు, దడులు. మా మామ్మ చిన్నప్పుడు ఈ కాలువ మీదే పడవలో నరసాపురం వెళ్లేదట, అప్పుడు ఇళ్లు కాలువకేసి చూసేవి. రోడ్డు పడ్డాక ఇళ్లు అటు తిరిగి కూర్చున్నాయి. పోనీ మురికి నీళ్లని వదిలేద్దామా అంటే, విజ్జేశ్వరం దగ్గర గోదావరిలోంచి బయల్దేరి వచ్చే ఈ నీళ్లే, వేసవిలో కాలువ కట్టేసే ముందు మా మంచినీళ్ల చెరువులోకి వెళ్తాయి. డైపర్ విసిరిన చేత్తోనే బిందె పట్టుకుంటాం. ఈ మాట చెప్తే "ఫిల్టర్ ఉందిగా" అంటారు.

అన్నట్టు, తీసిన చెత్త ఎక్కడ పడెయ్యాలో ముందే తేల్చుకుని దిగండి. మేం మొదటిసారి ఆరు బస్తాలు కట్టి గట్టు మీద పెడితే ట్రాక్టర్ వచ్చి తీసుకెళ్లింది. ఎంత సంతోషించానో! వారం తర్వాత కిందికి రెండు కిలోమీటర్లు కయాక్ తీసుకెళ్తే అవే బస్తాలు, నేను కట్టిన కొబ్బరి తాడుతో సహా, గట్టు వారన ఉన్నాయి. ఒకటి అప్పటికే నీళ్లలోకి జారింది. ఇప్పుడు సీసాలు పాత సామాన్లవాడికి ఇస్తున్నాం, మిగతాది మా బావమరిది ట్రక్కులో పాలకొల్లు వెళ్లే రోజు చూసుకుని పంపుతున్నాం. వాడు డీజిల్ డబ్బులు అడుగుతున్నాడు, ఇవ్వలేదు.

పటాల సంగతి అడుగుతారేమో. మా వీధి అరుగు మీద వరసగా ఏడు పెట్టాం. పేపర్లు విడిగా తీసి, చెక్క విడిగా, అద్దం విడిగా చేద్దామంటే మా అమ్మ ముట్టుకోనివ్వలేదు. రోజూ తుడిచి దీపం పెడుతోంది. పోయిన శుక్రవారం పొద్దున్న లేచి చూస్తే తొమ్మిది ఉన్నాయి. రాత్రి ఎవరో వచ్చి ఇంకో రెండు పెట్టి వెళ్లారు. ఒకటి సాయిబాబా, అద్దం కూడా పగల్లేదు.