చీకట్లో నక్కే గేమ్‌కి చీకటే కుదరకపోతే

ప్రశ్న: పీసీలో అందరూ మెచ్చుకున్న ఒక స్టెల్త్ గేమ్ (ఎవరికీ కనపడకుండా నక్కి ఆడేది) కన్సోల్‌కి వచ్చిందని తీసుకున్నాను. టీవీలో చీకటి భాగాలన్నీ నల్లటి ముద్దలా ఉన్నాయి. మెల్లగా నడుద్దామంటే కుదరదు, కాపలావాళ్లు ఇట్టే పట్టేస్తున్నారు. కావలసిన చోట సేవ్ చేసుకోవడానికీ లేదు. తప్పు టీవీదా, గేమ్‌దా? చవగ్గా వస్తుందని షేరింగ్ అకౌంట్‌లో, అంటే వేరేవాళ్ల అకౌంట్‌లో ఉన్న గేమ్‌ని నా కన్సోల్‌లో ఆడుకునేలా, కొన్నాను. సెట్ చేయడానికి నా అకౌంట్ పాస్‌వర్డ్, ఫోన్‌కి వచ్చిన కోడ్ అమ్మినవాడు అడిగితే చెప్పాను. నెట్‌కి కలపొద్దన్నాడు. – ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తప్పు టీవీదీ ఉంది, గేమ్‌దీ ఉంది. పెద్ద తప్పు మాత్రం మీదే. దాని దగ్గరికి వస్తాను.

నలుపు ముద్దకట్టడం గురించి ఈమధ్య చాలామంది రాశారు. కన్సోల్ వీడియో సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ రేంజ్ అని ఉంటుంది. ఫుల్‌లో నలుపు 0 దగ్గర మొదలవుతుంది, లిమిటెడ్‌లో 16 దగ్గర. కన్సోల్ ఫుల్‌లో పంపుతుంటే టీవీ దాన్ని లిమిటెడ్ అనుకుందంటే 16కి కింద ఉన్న నీడలన్నీ ఒకటే నలుపైపోతాయి. రెండింటినీ ఆటోమేటిక్‌లో పెట్టండి. హెచ్‌డీఆర్ (వెలుగుచీకట్ల తేడా ఎక్కువగా చూపించే పద్ధతి) ఉంటే దాని కాలిబ్రేషన్ కూడా ఒకసారి చేయండి. హాల్లో ట్యూబ్‌లైట్ ఆపండి. మన ఇళ్లలో అది సరిగ్గా టీవీకి ఎదురు గోడమీదే ఉంటుంది. తెరమీద దొంగ బదులు మన ముఖం కనిపిస్తే ఏం ఆడతాం?

మిగతాది పోర్ట్ చేసినవాళ్ల, అంటే గేమ్‌ని ఒక మెషీన్ నుంచి ఇంకోదానికి మార్చినవాళ్ల నిర్లక్ష్యం. 2002లో స్ప్లింటర్ సెల్ అనే స్టెల్త్ గేమ్ ముందు ఎక్స్‌బాక్స్‌లో వచ్చింది. ఆ గేమ్ బతికిందే వెలుగునీడల మీద. 2003లో ప్లేస్టేషన్ 2కి తెచ్చినప్పుడు చాలా నీడల్ని తగ్గించారు, లెవెల్స్‌ని మార్చారు. ఎక్స్‌బాక్స్ మెమరీ 64 ఎంబీ, ప్లేస్టేషన్ 2 మెయిన్ మెమరీ 32 ఎంబీ. అక్కడ పట్టనిది ఎలా పెడతారు, పాపం అనుకోవచ్చు. ఇప్పటి పెద్ద కన్సోళ్లలో 16 జీబీ ఉంది. ఇంకా ఆ సాకు చెల్లదు.

నడక సంగతి చూడండి. అదే స్ప్లింటర్ సెల్ పీసీలో మౌస్ వీల్ తిప్పితే నడక వేగం మారేది, ఎందుకంటే కీబోర్డ్‌లో బటన్ నొక్కామా లేదా, అంతే. కన్సోల్ స్టిక్‌కి ఆ తంటా లేదు, ఎంత వంచితే అంత వేగం. అలాంటి స్టిక్ చేతిలో ఉండగా మీ గేమ్‌లో కీబోర్డ్ లెక్కలే దించేసినట్టున్నారు. వెంట్రుకవాసి కదిపితే మనిషి కదలడు, ఇంకాస్త నెడితే పరుగే. కంట్రోలర్ సెట్టింగ్స్‌లో డెడ్ జోన్ (స్టిక్ కదిపినా లెక్కలోకి రాని మేర) ఉంటే తగ్గించి చూడండి. అది లేకపోతే వంగి నడవడమే గతి.

సేవ్‌కి మందు లేదు. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చన్న ధైర్యంతో కట్టిన లెవెల్లో అక్కడొకటి ఇక్కడొకటి చెక్‌పాయింట్ పారేస్తే ఇలాగే ఉంటుంది. ఇరవై నిమిషాలు అటకమీద పాకి, కాపలావాడి జేబులో తాళంచెవి కొట్టేసి, దిగేటప్పుడు ఒక్క అడుగు చప్పుడైతే మళ్లీ గేటు దగ్గర్నుంచి. దీన్ని కష్టమైన గేమ్ అనరు, బద్ధకం అంటారు.

గేమ్ సంగతి అలా ఉంచండి. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది చివరి మూడు వాక్యాలు. నెట్‌కి కలపకపోతే అప్‌డేట్ రాదు. కొన్న రోజు ఏ వెర్షన్ ఉందో అక్కడే ఆగిపోయారు, తర్వాత ఏమైనా సరిచేసినా మీకు అందదు. అది చిన్న నష్టం. ఆ గేమ్‌ని ఎవరి కార్డుతో కొన్నారో మీకు తెలీదు. దొంగ కార్డైతే అసలు సొంతదారు బ్యాంకుకి ఫిర్యాదు చేశాక గేమ్ పోతుంది, అకౌంట్ పోతుంది, ఒక్కోసారి కన్సోల్‌నే బ్లాక్ చేస్తారు. ఇక ఫోన్‌కొచ్చిన కోడ్! బ్యాంకువాడు అడిగితే చెప్పని మనుషులు, గేమ్ అకౌంటే కదా అని ఇక్కడ చెప్పేస్తారు. అందులో మీ కార్డు సేవ్ అయి ఉంటే? ఆ అమ్మినవాడు మెయిల్ ఐడీ మార్చేశాడంటే ఆ అకౌంట్ మీదేనని నిరూపించుకోవడానికి ఎప్పటివో రసీదులు తవ్వాలి.

ఇది చదవడం ఆపి ఈ పని చేయండి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కీ ఉంటే ముందు మెయిల్‌ది మార్చండి, తర్వాత గేమ్ అకౌంట్‌ది. అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ కొట్టండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, పాత బ్యాకప్ కోడ్‌లు రద్దుచేసి కొత్తవి తీసుకోండి. కార్డు తీసేయండి. వాడి అకౌంట్‌ని కన్సోల్‌లోంచి డిలీట్ చేయండి, ఆ గేమ్ పోతే పోనివ్వండి. డబ్బులు కట్ అయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అంత ధర పెట్టలేమంటే నాకూ అర్థమవుతుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ వైపు వెళ్లినప్పుడు సెకండ్‌హ్యాండ్ డిస్క్ దొరుకుతుందేమో అడగండి. నచ్చకపోతే మళ్లీ అమ్ముకోవచ్చు. డిస్క్ డ్రైవ్ లేని కన్సోళ్ల మీద నా కోపమే అది: కాస్త చవకని కొంటాం, ఆ తర్వాత ప్రతి గేమూ వాళ్ల ఆన్‌లైన్ స్టోర్ చెప్పిన ధరకే. మీ దాంట్లో డ్రైవ్ ఉందో లేదో రాయలేదు.